నామ్‌ఘర్‌కి తూర్పు వాకిలి ఉండదు: బెంగళూరులో ఒక 40×60 సైటు కేస్ స్టడీ

మొదటి డ్రాయింగులో ఆరు గదులు గీశాను. ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూమ్, కింద ఆఫీసు, వెనక వంటశాల, ఈశాన్యం మూలన ఒక బుల్లి గుడి. ఫోన్లో క్లయింటు చెప్పింది ఒకటే ముక్క: "మాకు సత్రలాగా కావాలి." తెలుగు చెవికి సత్రం అంటే ఇంకేం వినపడుతుంది? శ్రీశైలంలో దిగే సత్రం, కాశీలో దిగే సత్రం, దుప్పటికి డిపాజిట్ కట్టే సత్రం. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఆర్కిటెక్టుగా ఉన్నాను, అందులో సగం పని పాత గుళ్ల మరమ్మతులు, కొత్త గుళ్ల ప్లాన్లే. ఒక సత్రం గీయలేనా అనుకున్నా. పీడీఎఫ్ పంపిన గంటకి వాట్సాప్‌లో జవాబు వచ్చింది. "బాయిదేఉ, చాలా బాగుంది. కానీ ఈ రూములు ఎవరికి?"

బాయిదేఉ అంటే అస్సామీలో అక్క. అడిగింది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసే కుర్రాడు, కట్టడం కమిటీకి కార్యదర్శి. సర్జాపుర రోడ్డు చుట్టుపక్కల ఉండే అస్సామీ కుటుంబాలు ఏళ్ల తరబడి చందాలు వేసుకుని ఒక సైటు కొన్నాయి. ఇచ్చినవాళ్లలో ఐటీవాళ్లు, హోటళ్లలో పని చేసేవాళ్లు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర సెక్యూరిటీగా నిలబడేవాళ్లు, అందరూ ఉన్నారు. వాళ్లు కోరింది బస కాదు. అస్సాంలో వైష్ణవ మఠాన్ని సత్ర అంటారు. ఆ మఠానికి నడిమధ్యన ఉండే ప్రార్థనశాల నామ్‌ఘర్. దాన్ని ఆ పద్ధతిలోనే, బెంగళూరు సైటులో పట్టేంత సైజులో కట్టివ్వమని అడిగారు.

ఆ మాట మన మాటకి మరీ దూరపుదేం కాదు. భాగవతం మొదట్లోనే శౌనకాది మునులు నైమిశారణ్యంలో వెయ్యేళ్ల సత్రయాగానికి కూర్చుంటారు, సూతుడు చెబుతుంటే వింటారు. పది మంది ఒకచోట చేరి హరికథ వినే ఆ కొలువునే అస్సామీలు సత్ర అన్నారు. మనం అదే పదం పట్టుకుని అన్నం పెట్టి పడక ఇచ్చే చోటికి పెట్టుకున్నాం. వాళ్ల ఉచ్చారణలో 'స' అన్నది ఖకీ హకీ మధ్య గొంతులో గరగరమంటుంది. "హొత్రొ" అని వాళ్లు మొదటే అన్నట్టయితే నాకు ఆ ఆరు గదుల పని తప్పేది.

రెండో తప్పు

గదులు చెరిపేసి రెండో డ్రాయింగు గీశాను. ఇది మరీ పెద్ద తప్పు. తెలిసిన పనే కదా అన్న ధీమాతో చేసింది. గర్భగుడి, దాని ముందు అర్ధమండపం, దాని ముందు జనం నిలబడే మంటపం, చుట్టూ ప్రదక్షిణకి నాలుగడుగులు. ఆగమం ప్రకారం కట్టే ఏ విష్ణ్వాలయానికైనా ఇదే వరస. ఉన్న చోటంతా దేవుడికి పోయి, జనానికి మిగిలింది 15 అడుగుల మంటపం.

కమిటీ మీటింగులో ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నప్పుడు అస్సాంలో, బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మాజులీ దీవిలో ఒక ఉదాసీన సత్రలో పెరిగారట. ఉదాసీన అంటే బ్రహ్మచారులుండే మఠం. పెద్దయ్యాక బయటికొచ్చి సంసారంలో పడి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. అందరూ కొకా అంటారు, తాతయ్య అని. నా డ్రాయింగు చూసి ఏమీ అనలేదు. కార్యదర్శిని సుద్దముక్క అడిగి, నేలమీద ఒక పొడుగు దీర్ఘచతురస్రం గీసి, దాని తూర్పు కొసకి అంటీ అంటనట్టు ఒక చిన్న చతురస్రం పెట్టారు. పెద్దదాని మీద చెయ్యి వేసి అస్సామీలో ఏదో అన్నారు. కార్యదర్శి తర్జుమా చేశాడు: "గుడి ఇది. చిన్నది భోషాణం."

ఆ ముక్క నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. మాజులీ వెళ్లి చూసి వచ్చాకే మూడో డ్రాయింగు గీస్తానన్నాను. ఖర్చు సగం నేనే పెట్టుకున్నా.

మాజులీలో చూసింది

జోర్హాట్ దాకా విమానం, నిమాటీ ఘాట్ నుంచి బ్రహ్మపుత్ర మీద ఫెర్రీ, కమలాబాడీ ఘాట్‌లో దిగడం. మాకు గంట పైన పట్టింది. ఫెర్రీ మీద మోటారు సైకిళ్లు, కార్లు, కోళ్ల బుట్టలు, నేను, నా మేస్త్రీ. మేస్త్రీని ఎందుకు తీసుకెళ్లానో చెప్పాలి. కదిరి దగ్గర పల్లె ఆయనది, పదకొండేళ్లుగా నా సైట్లన్నీ ఆయన చేతి మీదే. డ్రాయింగులో నేను చూడనిది ఆయన కట్టడంలో చూస్తాడు.

ముందు కాస్త చరిత్ర, లేకపోతే ప్లాను అర్థం కాదు. ఈ సంప్రదాయానికి మూలపురుషుడు శ్రీమంత శంకరదేవులు. సంప్రదాయం చెప్పే కాలం 1449 నుంచి 1568, అంటే మన పోతన శతాబ్దంలో పుట్టినవారు. పుట్టింది ఇప్పటి నగావ్ జిల్లా బొర్దోవాలో. ఆయన చెప్పిన ఏకశరణ ధర్మంలో కృష్ణుడొక్కడే శరణ్యం. నవవిధ భక్తుల్లో శ్రవణ కీర్తనాలకే పెద్దపీట, విగ్రహారాధనది వెనక వరస. శిష్యుడు మాధవదేవులు బర్పేటలో సత్ర నెలకొల్పారు. తర్వాతి తరాల్లో సంప్రదాయం బ్రహ్మ, పురుష, కాల, నికా అని నాలుగు సంహతులుగా, అంటే శాఖలుగా చీలింది. అప్పట్లో అస్సాంను ఏలిన ఆహోం రాజుల్లో మొదట వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు, తర్వాత మాన్యాలిచ్చి పోషించినవాళ్లూ ఉన్నారు. మాజులీలోని అవునియాటీ సత్రను 1653లో జయధ్వజ సింహుడు స్థాపింపజేశాడు.

సత్ర లోపలికి వెళ్లేటప్పుడు మొదట తగిలేది కరాపాట్, లేదా బాట్‌సొరా. మన గుడి గోపురంతో పోల్చుకోకండి. నాలుగు స్తంభాలు, పైన కప్పు, పక్కలకి గోడ ఉండదు, కూర్చోడానికి అరుగు. వచ్చిన అతిథిని సత్ర పెద్దలు ఎదురొచ్చి కలుసుకునేది అక్కడ. చెప్పులు అక్కడే ఆగిపోతాయి. అది దాటాక దారి. దారి కొసన విశాలమైన ఖాళీ, దాని నడుమ నామ్‌ఘర్. ఆ ఖాళీకి నాలుగు వైపులా పొడుగాటి వరస ఇళ్లు, వీటిని హాటీ అంటారు. ఒకే కప్పు కింద అర పక్కన అర, ముందంతా ఒకే వసారా. ఒక్కో అరను బొహా అంటారు. అందులో ఒక పెద్ద భకత్, ఆయన దగ్గర పెరిగే ఇద్దరు ముగ్గురు పిల్లలు. భకత్ అంటే భక్తుడే. వెనక పెరడు, చెరువు. మఠానికి అధిపతి సత్రాధికార్, ఆయన తర్వాతివాడు డేకా సత్రాధికార్.

ఉడుపి చూసినవాళ్లకి ఒక పోలిక అందుతుంది. అక్కడ రథబీది చుట్టూ అష్టమఠాలు, కృష్ణుడి వైపు మొహం పెట్టుకుని ఉంటాయి. హాటీలు నామ్‌ఘర్ చుట్టూ అలాగే. అయితే ఉడుపిలో నడుమ ఉన్నది విగ్రహం, కనకన కిండి అనే చిన్న కిటికీలోంచి తొంగి చూసి దణ్ణం పెట్టుకునే మూర్తి. ఇక్కడ నడుమ ఉన్నది జనం కూర్చునే చావడి.

నామ్‌ఘర్ ఎప్పుడూ తూర్పు–పడమరగా పొడుగు. వాకిలి పడమర. లోపల రెండు వరసల స్తంభాలు చావడిని మూడు పాయలుగా చీలుస్తాయి, నడుమది వెడల్పు, పక్కలవి ఇరుకు. తూర్పు కొసన గురు ఆసనం: అంతస్తులంతస్తులుగా పైకి పోతూ సన్నబడే చెక్క సింహాసనం, ఏడంతస్తులది పెద్ద లెక్క, తాబేలు మీద ఏనుగు, ఏనుగు మీద సింహం చెక్కి ఉంటాయి. దాని మీద బట్ట కప్పి పెట్టేది గ్రంథం. భాగవతమో, శంకరదేవుల రచనో. భక్తులు దణ్ణం పెట్టేది దానికే. ఆ ఆసనం వెనక, కీర్తన చావడికి తగులుకుని, విడి కప్పుతో చిన్న గది. దాని పేరు మణికూట్. గట్టి గోడలు, కిటికీలుండవు. సత్ర తాలూకు విలువైన వస్తువులు, పాత గ్రంథాలు, విగ్రహం ఉన్న సత్రల్లో ఆ విగ్రహం, అన్నీ అందులోనే. అవునియాటీలో గోవిందుడి విగ్రహం ఉంది. బ్రహ్మ సంహతి వాళ్లు విగ్రహాన్ని పూజిస్తారు, మిగతా సంహతుల్లో కొందరు అసలు ఒప్పుకోరు. దీక్ష తీసుకున్నవాళ్లే మణికూట్‌లోకి వెళ్తారు, కాబట్టి నేను దాన్ని బయటినుంచే కొలిచాను.

ఇప్పుడు కొకా గీసిన సుద్దగీత అర్థమైంది. మణికూట్ నిజంగానే భోషాణం.

నాకంటే ముందు మేస్త్రీకి అర్థమైంది. ఒక చిన్న సత్రలో సాయంత్రం నామ ప్రసంగం జరుగుతోంది. పెద్ద పెద్ద తాళాలు, ఖోల్ అనే మట్టి మద్దెల, నడుమ పాయ ఖాళీగా వదిలి రెండు పక్కలా వరసలుగా కూర్చున్న జనం, అందరూ చప్పట్లు చరుస్తూ. ఆయన గడప బయట గొంతుక్కూర్చుని కాసేపు చూసి, "ఏం మేడమ్, మా ఊళ్లో భజన గుడి మాదిరే ఉండాదే ఇది" అన్నాడు.

నాకు నెత్తి మీద మొట్టినట్టయింది. రాయలసీమ పల్లెల్లో గుడి వేరు, భజన గుడి వేరు. భజన గుడిలో ఒక కొసన రాములవారి పటం, ఒక దీపం, మిగతాదంతా నేల. ఏకాహం పెడితే ఇరవై నాలుగ్గంటలు ఆ నేల ఖాళీగా ఉండదు. చెక్కభజన తిరిగేది అక్కడే. పూజారి లేకపోయినా గడుస్తుంది, జనం లేకపోతే అది ఉత్త గది. నేను చదువుకున్న శిల్పశాస్త్రాల్లో భజన గుడికి ప్లాను లేదు. అందుకే నా బుర్రకి తట్టలేదు. ఆయన అందులో పడుకుని పెరిగాడు. (ఇంతకీ అవునియాటీలో కార్తీకంలో రోజుల తరబడి రేయింబవళ్లు ఆగకుండా చేసే నామానికి పాల్‌నామ్ అని పేరు. మన ఏకాహం సప్తాహాలకు అన్నదమ్ముల వరస.)

రోడ్డు తూర్పున ఉంది

మూడో డ్రాయింగుకి చిక్కు ఇక్కడ మొదలైంది. సైటు ఉత్తరం–దక్షిణం 40 అడుగులు, తూర్పు–పడమర 60. రోడ్డు తూర్పున. బెంగళూరులో తూర్పు రోడ్డు సైటంటే ధర రెండు మెట్లు ఎక్కువ. నామ్‌ఘర్‌కేమో వాకిలి పడమర, మణికూట్ తూర్పు. అంటే రోడ్డున పోయేవాడికి కనపడేది కిటికీ లేని గోడ వీపు.

స్థలం అమ్మినాయన పక్క ఇంట్లోనే ఉంటారు. కోలారు వైపు తెలుగు ఇంటాయన, ఎనభై దగ్గర వయసు. రేటు తగ్గించి ఇచ్చారు గనక కమిటీకి ఆయనంటే గౌరవం. ప్లాను చూసి తెల్లబోయారు. "ఏమ్మా ఇంజినీరమ్మా, దేవుడింటికి తూర్పు వాకిలి మూసి పడమట తెరుస్తావా? ఎవరన్నా నవ్వుతారు." వాస్తు పంతులు ఒకరిని కూడా తీసుకొచ్చారు. ఆ పంతులు మంచివాడు, దేవాలయానికి పడమటి ద్వారం నిషేధమేమీ కాదని ఆయనే చెప్పి నా పని సగం తేలిక చేశాడు. మిగతా సగం కొకా చేశారు. "పడమటి వాకిట్లోంచి లోపలికొచ్చినవాడు ఎటు చూస్తాడు?" అని అడిగారట ఆ పెద్దాయన్ని, కార్యదర్శి నోటితో. తూర్పుకే కదా అన్నారాయన. అంతే, ఆ చర్చ మళ్లీ రాలేదు.

చివరికి తేల్చిన కొలతలివి. తూర్పున రోడ్డు వైపు 5 అడుగులు వదిలి, 9 అడుగుల మణికూట్. దానికి పడమరగా 34 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు చావడి. ఆ తర్వాత 12 అడుగుల ముంగిలి. దక్షిణాన 6 అడుగులు ఖాళీ, ఉత్తరాన 9 అడుగుల దారి. ఈశాన్యం మూలన రోడ్డు మీదికి కరాపాట్. దాని కింద చెప్పులు వదిలి, ఉత్తరం దారెంట సైటు పొడుగునా నడిచి, వెనక్కి తిరిగి, పడమటి వాకిట్లోంచి లోపలికి రావాలి.

ఈ నడక నేను తప్పనిసరై పెట్టింది, అందంగా ఉంటుందని పెట్టింది కాదు. మాజులీలో కరాపాట్ నుంచి నామ్‌ఘర్ దాకా ఉండే దారికి ఇది బొత్తిగా చాలీచాలని నకలు. కానీ ట్రాఫిక్‌లో గంటన్నర పడి వచ్చినవాడికి ఆ యాభై చిల్లర అడుగుల నడక పనికొస్తోంది. దారి పక్క గోడకి హాటీ వసారాలా రెండడుగుల అరుగు పెట్టించాను. భకత్‌లు ఉండరు గనక ఇక్కడ హాటీ లేదు, ఆ అరుగే హాటీ అనుకోవాలి.

పై అంతస్తు వేసి అద్దెకిద్దామని కమిటీలో ఒక వర్గం గట్టిగా పట్టింది. లెక్క ప్రకారం వాళ్లది న్యాయమే. గ్రంథం ఉన్న చోటు నెత్తి మీద ఎవరూ నడవకూడదని ఆడవాళ్లందరూ ఒక్కమాటగా అన్నారు, అక్కడితో పోయింది. అనుమతుల సంగతి రాయడం మొదలుపెడితే ఇదంతా దానికే సరిపోతుంది, ఎనిమిది నెలలు పట్టిందని మాత్రం చెబుతాను.

ఆడవాళ్ల మాట వచ్చింది గనక ఇంకొకటి. బర్పేట కీర్తన్‌ఘర్‌లోకి స్త్రీలకు ప్రవేశం లేదు. కీర్తన్‌ఘర్ అంటే అక్కడి నామ్‌ఘరే. ఆ జిల్లాలోదే పాట్‌బావ్‌సీ సత్రలోకి 2010లో అప్పటి అస్సాం గవర్నర్ జె.బి. పట్నాయక్ కొందరు స్త్రీలను వెంటబెట్టుకుని వెళ్లడం పెద్ద వార్త అయింది. మాజులీలో నన్ను నామ్‌ఘర్ లోపల ఎవరూ ఆపలేదు. ఇక్కడి కమిటీలో ఈ విషయం చర్చకి వస్తుందేమో, వస్తే ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకుని వెళ్లాను. రాలేదు. చందా పుస్తకం రాసేది ఆడవాళ్లే.

ఏది లాయ్‌ఖుటా?

చావడిలో స్తంభాలు వరసకి ఐదు, మొత్తం పది. స్తంభానికీ స్తంభానికీ ఎనిమిదిన్నర అడుగులు. నడుమ పాయ 11 అడుగులు, పక్కలవి ఏడేసి. స్ట్రక్చరల్ ఇంజినీరు పదింటికీ ఒకే సైజు స్టీలు పైపు ఇచ్చాడు, నేను సరేనన్నా. కొకా డ్రాయింగు మీద వేలు పెట్టి ఒక్కో స్తంభాన్నీ ముట్టుకుంటూ పోయి అడిగారు: ఇందులో లాయ్‌ఖుటా ఏది?

నామ్‌ఘర్‌లో ఒక స్తంభం ప్రధానం. మన పెళ్లిపందిట్లో ముహూర్తపు రాటలాగా అనుకోండి, కాకపోతే అది నాలుగు రోజులకి ఊడదు. దానికి గమోసా, అంటే అస్సామీల ఎర్రంచు తువ్వాలు చుడతారు, దణ్ణం పెడతారు. నా పది పైపుల్లో దణ్ణం పెట్టదగ్గది ఒక్కటీ లేదు.

స్టీలు తొమ్మిదికి దిగింది. పదోదానికి చెక్క వెతికాం. కొత్త టేకు దుంగ ధర విని కమిటీ వద్దంది. చివరికి పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే చోట దొరికింది, ఏదో మండువా ఇంటి స్తంభం. మొదలు దగ్గర చుట్టుకొలత 38 అంగుళాలు, పైకి పోయేకొద్దీ సన్నం. ఒక పక్క పాత గడియ పెట్టిన రంధ్రం, ఇంకో పక్క ఎవరో పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, ఐదారు. మేస్త్రీ వాటిని రందా పట్టేయబోతే ఆపాను. తర్వాత ఆ రంధ్రానికి చెక్కముక్క బిగించి మూశాడు, గీతలు అలాగే ఉన్నాయి, గమోసా కింద. ఇంజినీరు ఆ ఒక్కదాని మీద బరువు లెక్క మళ్లీ వేశాడు, కింద రాతి దిమ్మె, నడుమ స్టీలు చువ్వతో బిగింపు. స్తంభం నిలిపిన రోజున కొబ్బరికాయ మేస్త్రీ కొట్టాడు, నామం వాళ్లు చెప్పారు.

11 అడుగుల నడుమ పాయ ఎందుకని అడిగేవాళ్లకి: అక్కడ నాటకం ఆడతారు. శంకరదేవులు రాసిన అంకియా నాటకాల ప్రదర్శనను భావ్‌నా అంటారు. సూత్రధారుడు ఉంటాడు, పాట ఉంటుంది, ఆట ఉంటుంది, కథ కృష్ణుడిదో రాముడిదో. కూచిపూడి భాగవతులు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. ఆ ఆటే ఇవాళ సత్రియా నృత్యం, 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది. అయితే కూచిపూడికి తెర పట్టుకుంటే చాలు, ఎక్కడైనా ఆడొచ్చు. భావ్‌నాకి నామ్‌ఘరే రంగస్థలం. వేదిక ఎత్తు ఉండదు. వేషగాడు ఒక కొసనుంచి దీపాల తోరణం కిందుగా నడుమ పాయలోకి వచ్చి, గురు ఆసనం వైపు ఆడుతూ సాగుతాడు. జనం పక్క పాయల్లో, స్తంభాల నడుమ. పెద్ద కిరీటాలు, ముఖాలు అనే మాస్కులు పెట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా తిరగాలి. మాజులీలో సామగురి సత్ర ఈ ముఖాలకి పేరు. వెదురు అల్లిక మీద బట్ట, బంకమట్టి, పేడ పూసి చేస్తారు. అలాంటి రావణుడి వేషాన్ని దృష్టిలో పెట్టుకుని గదిలో ఇద్దరు కుర్రాళ్లకి అట్టపెట్టెలు తొడిగి తిప్పి చూశాం. తొమ్మిది అడుగుల్లో గుద్దుకున్నారు. పదిలో స్తంభానికి తగిలారు. పదకొండు అలా వచ్చింది.

కప్పు, చప్పుడు, కారడం

మాజులీ పాత నామ్‌ఘర్లకి గడ్డి కప్పు ఉండేది, ఇప్పుడు చాలావాటికి రేకు. గడ్డి చప్పుడు మింగుతుంది, రేకు తిరగ్గొడుతుంది. తాళాలు, ఖోల్, రెండొందల చేతుల చప్పట్లు, పైన బెంగళూరు వాన. పక్కన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. స్టీలు దూలాల మీద మంగుళూరు పెంకు వేశాం, దాని కింద వెదురు తడికల సీలింగు, రెంటి నడుమ కొబ్బరిపీచు పరుపులు. పక్క గోడలు మూడడుగుల ఎత్తు వరకే గట్టివి. పైన దక్షిణం వైపు ఇటుక జాలీ, ఉత్తరం వైపు తీసి పెట్టుకునే తలుపులు. అపార్ట్‌మెంటు దక్షిణాన ఉంది గనక జాలీ వెనక అరడుగు దూరంలో ఇంకో గోడ లేపాల్సి వచ్చింది. గాలి తగ్గింది. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ.

మేం చూసిన నామ్‌ఘర్లలో కొన్నిటికి పడమటి కొసన కప్పు అర్ధచంద్రంగా తిరుగుతుంది. మంగుళూరు పెంకుతో గుండ్రం రాదు. మేస్త్రీ మూడు పలకలుగా విరిచి తిప్పాడు, దూరంనుంచి చూస్తే గుండ్రమనే అనిపిస్తుంది.

ఇక కారడం. ఇది పూర్తిగా నా పొరపాటు. మాజులీలో మణికూట్ కప్పు వేరు, చావడి కప్పు వేరు, రెంటి నడుమ వాన సూటిగా కిందికి పోయే సందు. నేను ఆ సందుని దండగ అనుకుని, రెండు కప్పుల్నీ కలిపేసి నడుమ వ్యాలీ గట్టర్, అంటే రెండు కప్పులు కలిసే పల్లంలో నీళ్లు పోయే తొట్టి, పెట్టాను. మొదటి పెద్ద వానకి పక్క చెట్టు ఆకులు పడి గట్టర్ పూడిపోయింది, నీళ్లు వెనక్కి ఎక్కాయి. ఎక్కడ కారింది? గురు ఆసనానికి సరిగ్గా మూడడుగుల వెనక. రాత్రి పదకొండింటికి ఫోను. నేను వెళ్లేసరికి కొకా గ్రంథాన్ని నెత్తిన పెట్టుకుని లాయ్‌ఖుటా పక్కన నిలబడి ఉన్నారు, కింద పెట్టకుండా. ఎంతసేపటినుంచి అని అడగడానికి నోరు రాలేదు.

మర్నాడే గట్టర్ పీకించాను. మణికూట్ కప్పు ఒక అడుగు కిందికి దించి, చావడి కప్పు అంచు దాని మీదికి తొమ్మిది అంగుళాలు ముందుకు లాగి, నడుమ సందు వదిలాం, అచ్చం అక్కడ ఉన్నట్టే. ఖర్చు నాది. నాలుగు వానాకాలాలు గడిచాయి, చుక్క పడలేదు.

ఇంకా తేలనివి

ప్రార్థనకి ముందు డొబా అనే పెద్ద నగారా మోగిస్తారు. తెల్లవారుజామున అది మోగితే అపార్ట్‌మెంటు వాళ్లు ఊరుకోరు. ప్రస్తుతానికి ఆదివారం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రాలు చిన్న తాళాలతో సరిపెడుతున్నారు. కొకాకి ఇది మింగుడు పడలేదు.

స్తంభాల నడుమ ఎనిమిదిన్నర అడుగులు కూర్చున్నప్పుడు బాగుంది, పంక్తి వేసి వడ్డించేటప్పుడు ఇరుకు. మళ్లీ గీస్తే తొమ్మిది చేస్తాను.

ప్రవేశం రోజున మేస్త్రీ, ఆయన మనుషులు పన్నెండు మంది కుటుంబాలతో వచ్చారు. ఇత్తడిలా మెరిసే, అడుగున పీఠం ఉన్న పళ్లెంలో, సొరాయ్ అంటారు దాన్ని, ప్రసాదం తెచ్చి అరటాకు ముక్కల్లో పెట్టారు: నానబెట్టిన పెసరపప్పు, శనగలు, అల్లం, కొబ్బరి ముక్కలు. మేస్త్రీ భార్య నోట్లో వేసుకుని నా వైపు తిరిగింది. "వడపప్పే కదమ్మా ఇది. పానకం ఏదీ?"

ఆ మాట కార్యదర్శికి చెబితే, వచ్చే శ్రీరామనవమికి పానకం మీ మేస్త్రీ ఇంటినుంచే రావాలన్నాడు. వచ్చింది కూడా, రెండు బిందెలు. పంచింది కరాపాట్ కింద అరుగు మీద కూర్చుని పక్కింటి పెద్దాయన. పడమటి వాకిలి గురించి ఇంకా సణుగుతూనే ఉంటారు, సాయంత్రం అయిదయ్యేసరికి మాత్రం ఆ అరుగు మీదే ఉంటారు, పేపరు పట్టుకుని, రోడ్డు వైపు మొహం పెట్టి.